డావిన్చీ రిజాల్వ్ స్టూడియో రివ్యూ: పెళ్లి వీడియోలు కట్ చేసేవాళ్లకి డబ్బులు పెట్టేంత ఉందా?

డావిన్చీ రిజాల్వ్ అంటే వీడియో ఎడిటింగ్, కలర్ సాఫ్ట్‌వేర్, ఫ్రీ వెర్షన్ ఒకటి, డబ్బులు కట్టి కొనే స్టూడియో వెర్షన్ ఒకటి. చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తా. మీ కెమెరా 10 బిట్ 4:2:2 (రంగుల సమాచారం ఎక్కువగా ఉంచే రికార్డింగ్) తీస్తుంటే, మీది విండోస్ సిస్టమ్ అయితే, సీజన్‌లో చేతినిండా పెళ్లిళ్లు ఉంటే కళ్లు మూసుకుని స్టూడియో కొనేయండి. అలా కాకుండా ఫోన్ ఫుటేజ్, పాత 8 బిట్ కెమెరా ఫుటేజ్ తోనే యూట్యూబ్ వీడియోలు చేసుకుంటున్నారంటే ఫ్రీ వెర్షనే మీకు ఎక్కువ, దాంట్లో ఉన్నదే సగం కూడా వాడం మనం. 20వ వెర్షన్‌లో ఏఐ అదీ ఇదీ అని వస్తున్న వీడియోలు చూసి మాత్రం కొనొద్దు, ఎందుకో కింద చెప్తా.

నేను గుంటూరులో పెళ్లిళ్లు, ఫంక్షన్లు, మధ్యలో ఒకట్రెండు యూట్యూబ్ ఛానెళ్ల పని చేస్తుంటా. మొదట్నుంచీ ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మీద పెరిగినవాణ్ణే, మన దగ్గర పెళ్లి ఎడిటర్లలో ఎక్కువమంది అంతే. కాబట్టి ఈ రివ్యూ సినిమాకి డీఐ (కలర్ సరిచేసే పని) చేసేవాళ్ల కోసం కాదు, వాళ్ల లెక్కలు వేరు, వాళ్ల మానిటర్ ఖరీదులో మన మొత్తం సెటప్ వచ్చేస్తుంది. అప్పగింతలు అయిపోయిన మర్నాడే టీజర్ ఏదీ అని ఫోన్ చేసే పార్టీల మధ్య బతికేవాళ్ల కోసం.

డబ్బు సంగతి ముందు. స్టూడియో లైసెన్స్ 295 డాలర్లు, మన లెక్కలో పాతిక వేల పైచిలుకు, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఒక్కసారి కడితే అయిపోయింది, నెలనెలా కట్టే గోల లేదు. ఇప్పటిదాకా కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా పాత కీ (లైసెన్స్ నంబర్) తోనే అప్‌డేట్ ఇస్తూ వచ్చారు, మళ్లీ డబ్బులు అడగలేదు. 2017లో 14వ వెర్షన్‌కి కొన్నవాళ్లు ఇవాళ 20 వాడుతున్నారు అదే కీ తో. అడోబీ వాళ్ల ప్రీమియర్‌కి నెలనెలా కట్టేవాళ్లు ఒకసారి కాలిక్యులేటర్ తీసి మొత్తం కూడుకుని చూసుకోండి, నేను చెప్పక్కర్లేదు. అసలు ఈ డావిన్చీ అనేది ఒకప్పుడు మనలాంటోళ్లు ముట్టుకునే సామానే కాదు, లక్షల డాలర్లు పెట్టి పెద్ద పెద్ద ల్యాబులు మాత్రమే పెట్టుకునే కలర్ మెషీన్. 2009లో ఆస్ట్రేలియా వాళ్ల బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ ఆ కంపెనీని కొనేసింది, మరుసటి ఏడే మ్యాక్ మీద 995 డాలర్లకి సాఫ్ట్‌వేర్‌గా వదిలింది, 2011లో ఫ్రీ వెర్షన్ కూడా ఇచ్చేసింది. తర్వాత గ్రాఫిక్స్‌కి ఫ్యూజన్‌ని, ఆడియోకి ఫెయిర్‌లైట్‌ని కొని ఇందులోనే కలిపేశారు, అందుకే ఇప్పుడు కటింగ్, కలర్, గ్రాఫిక్స్, ఆడియో అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో కింద వరసగా ట్యాబులు. వాళ్లకి ఇంత చౌకగా ఇస్తే ఏం లాభం అంటే, వాళ్ల అసలు వ్యాపారం కెమెరాలు, స్విచర్లు. అమెరికాలో ఉన్న చుట్టాల కోసం పెళ్లి లైవ్ ఇచ్చేవాళ్ల టేబుల్ మీద కెమెరాలు మార్చే చిన్న ఏటెమ్ బాక్స్ ఉంటుంది చూడండి, అదీ వీళ్లదే.

ఇంక అసలు మేటర్‌కి వద్దాం. ఫ్రీకి స్టూడియోకి తేడా ఏంటని ఎవరిని అడిగినా పెద్ద లిస్టు చెప్తారు, 32కే రిజల్యూషన్, రెండు మూడు గ్రాఫిక్స్ కార్డులు ఒకేసారి, హెచ్‌డీఆర్, ఇంకా ఏవేవో. మనకి వాటితో పనేంటి. ఫ్రీ వెర్షన్ 3840 బై 2160 దాకా, 60 ఫ్రేములదాకా ఔట్‌పుట్ ఇస్తుంది, యూట్యూబ్ 4కే కి అది సరిగ్గా సరిపోద్ది, వాటర్‌మార్క్ కూడా రాదు. మన పనిలో నిజంగా తగిలే తేడాలు రెండే, ఒకటి 10 బిట్ ఫుటేజ్, రెండు నాయిస్ రిడక్షన్, అంటే తక్కువ వెలుతురులో తీసిన బొమ్మ మీద వచ్చే గింజ తీసేయడం. మిగతావన్నీ ఉంటే మంచిదే, లేకపోయినా ప్రాణం పోదు.

10 బిట్ సంగతి. ఇప్పుడు మన కెమెరామెన్లు ఎవరిని చూసినా సోనీ ఏ7 ఫోర్, ఏ7ఎస్ త్రీ, ఎఫ్‌ఎక్స్ త్రీ, వీటిలో ఎస్-లాగ్3 (తర్వాత కలర్ చేసుకోవడానికి వీలుగా బొమ్మని వెలిసినట్టు తీసే సెట్టింగ్) పెట్టి 10 బిట్ 4:2:2 లో తీస్తున్నారు. 8 బిట్‌లో ఒక్కో కలర్‌కి 256 మెట్లు ఉంటే 10 బిట్‌లో 1024 ఉంటాయి కాబట్టి లాగ్ ఫుటేజ్‌ని లాగి పీకినా ఆకాశంలో, గోడల మీద చారలు రావు, అది మంచిదే. కానీ ఆ కార్డు తెచ్చి విండోస్‌లో ఫ్రీ వెర్షన్‌లో వేస్తే చాలా క్లిప్పులకి బొమ్మ రాదు, సౌండ్ మాత్రం వస్తుంది, లేదంటే ఎర్రగా మీడియా ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది. కొత్తగా నేర్చుకునే కుర్రాళ్లు కార్డు కరప్ట్ అయిందేమో అని కంగారుపడి రికవరీ షాపుల చుట్టూ తిరుగుతుంటారు పాపం. కార్డుకి ఏం కాలేదు తమ్ముడూ, ఫ్రీ వెర్షన్ విండోస్‌లో ఆ ఫార్మాట్ తెరవదు, అంతే. మ్యాక్‌లో అయితే ఫ్రీ లోనే తెరుచుకుంటుంది. లినక్స్‌లో ఇంకా ఘోరం, ఫ్రీ వెర్షన్ మామూలు హెచ్.264 వీడియో ఫార్మాట్ కూడా తీసుకోదు.

దీనికి డబ్బులు పెట్టకుండా దారి ఉంది, షటర్ ఎన్‌కోడర్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, దాంట్లో మొత్తం ఫుటేజ్‌ని డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ హెచ్‌క్యూఎక్స్ అనే ఎడిటింగ్ ఫార్మాట్ లోకి మార్చుకుని రిజాల్వ్‌లో వేసుకోవచ్చు, ప్లేబ్యాక్ కూడా సాఫీగా ఉంటుంది. కాకపోతే ఫైళ్లు ఐదారు రెట్లు ఉబ్బుతాయి. ఒక షార్ట్ ఫిల్మ్‌కైతే ఓకే. మూడు కెమెరాలు, పెళ్లికొడుకుని చేయడం దగ్గర్నుంచి రిసెప్షన్ దాకా తీసిన ఫుటేజ్‌ని అలా మార్చాలంటే హార్డ్ డిస్కులకి పెట్టే డబ్బులతో స్టూడియో వచ్చేస్తుంది, పైగా మార్చడానికి పట్టే రాత్రుల లెక్క వేరే.

అయితే స్టూడియో కొనేశాం కదా ఇంక గాల్లో తేలిపోవచ్చు అనుకోకండి, ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. స్టూడియో ఫైల్ తెరుస్తుంది సరే, దాన్ని సాఫీగా ఆడించాల్సింది మీ సిస్టమ్. 4:2:2 10 బిట్ హెచ్.265 ఫైళ్లని హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేసే, అంటే విప్పి ఆడించే సత్తా ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 30, 40 సిరీస్ గ్రాఫిక్స్ కార్డులకి లేదు, అంత ఖరీదు పెట్టి కొన్న కార్డు ఈ ఒక్క పనికి చేతులెత్తేస్తుంది. ఆ పని చేసేది ఇంటెల్ 11వ జనరేషన్ నుంచీ ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న గ్రాఫిక్స్, క్విక్ సింక్ అంటారు. ఇప్పుడు అసెంబుల్ చేసే షాపుల్లో ఏం చేస్తున్నారంటే, మీకు గ్రాఫిక్స్ కార్డు ఎలాగూ ఉంది కదా అన్నా అని రేటు కాస్త తగ్గుతుందని పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ప్రాసెసర్ అంటగడుతున్నారు, ఆ ఎఫ్ ఉన్నవాటిలో ఆ చిన్న గ్రాఫిక్స్ ఉండదు. రెండు వేలో మూడు వేలో మిగిలిందని సంబరపడతాం, తర్వాత టైమ్‌లైన్ మీద ప్రతి క్లిప్పూ ముక్కీ మూలిగీ నడుస్తుంటే సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంటాం. కాబట్టి ఎడిటింగ్ సిస్టమ్‌కి ఎఫ్ వద్దు. లేదంటే 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ కార్డులు తీసుకోండి, వాటిలో 4:2:2 డీకోడింగ్ పెట్టారు. యాపిల్ వాళ్ల ఎం సిరీస్ మ్యాకుల్లో హెచ్.265 కి ఈ తలనొప్పి లేదు, అందుకే మ్యాక్ మినీ కొన్నవాళ్లు అంత ధీమాగా మాట్లాడుతుంటారు. ర్యామ్ 16 జీబీ అనేది కనీసం, ఫ్యూజన్ ముట్టుకుంటే 32 ఉండాల్సిందే. గ్రాఫిక్స్ కార్డు మెమరీ 8 జీబీకి తక్కువైతే 4కే లో నాయిస్ రిడక్షన్ వేసినప్పుడల్లా జీపీయూ మెమరీ ఫుల్ అని బాక్స్ వస్తుంటుంది, ఆ బాక్స్ చూసీ చూసీ విసుగెత్తి ఎడియస్‌కి తిరిగెళ్లిపోయినవాళ్లు నాకు తెలుసు.

ఇప్పుడు నాయిస్ రిడక్షన్. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తా, నా వరకూ పెట్టిన డబ్బులు గిట్టింది దీనివల్లే. మన ముహూర్తాలు తెలుసుగా, తెల్లవారుజామున రెండున్నరకో మూడున్నరకో పెడతారు. కళ్యాణమండపంలో వెనకాల ఎల్‌ఈడీ వాల్ నీలం, వంకాయ రంగు కొడుతుంటుంది, పైన పసుపు లైట్లు, పక్కన ఫొటోగ్రాఫర్ ఫ్లాష్, మధ్యలో హోమం పొగ. వీడియో లైట్ పెడదామంటే కళ్లలో కొడుతోంది తీసేయండి అని పెద్దాయన ఎవరో అంటారు. దాంతో కెమెరామెన్ ఐఎస్‌ఓ ఎక్కించేస్తాడు. జీలకర్ర బెల్లం పెట్టే టైమ్‌లో అడ్డుతెర పక్కనుంచి తీసిన క్లోజప్‌లో పెళ్లికూతురి చెంప మీద, జడలో నల్లటి చోట్ల ఇసక పోసినట్టు గింజలు కదులుతుంటాయి. మామూలు టీవీలో పర్లేదు, ఈమధ్య అందరి ఇళ్లలో 55 అంగుళాల టీవీలు, పెన్‌డ్రైవ్ పెట్టుకుని కుటుంబం మొత్తం కూర్చుని చూస్తారు కదా, అప్పుడు దొరికిపోతాం.

అలాంటి షాట్‌కి నేను చేసేది ఇది. కలర్ పేజీలో మొదటి నోడ్ (ఒక్కో మార్పుకి ఒక్కో పెట్టె) నాయిస్ రిడక్షన్‌కే వదిలేస్తా, ఎస్-లాగ్3 నుంచి మార్చే కలర్ స్పేస్ ట్రాన్స్‌ఫార్మ్ దాని తర్వాత నోడ్‌లో. టెంపోరల్ లో ఫ్రేములు రెండు, మోషన్ ఎస్టిమేషన్ బెటర్, ల్యూమా (వెలుతురు) తక్కువ, క్రోమా (రంగు) దానికంటే కాస్త ఎక్కువ, ఎందుకంటే కంటికి చిరాకు తెప్పించేది రంగు రంగుల గింజలే, నలుపు తెలుపు గింజ కొంచెం ఉంటే ఫిల్మ్‌లా బాగుంటుంది కూడా. టెంపోరల్ అంటే ముందు వెనక ఫ్రేములతో పోల్చి తీసేస్తుంది కాబట్టి కదలని వాటి మీద అద్భుతంగా పనిచేస్తుంది, పట్టుచీర జరీ అంచు అలాగే ఉండి గింజ మాత్రం పోతుంది. కానీ తలంబ్రాలు దగ్గరికి వచ్చేసరికి ఇదే సెట్టింగ్ ఉంచారో, గాల్లో ఎగిరే బియ్యం వెనక తోకలు వస్తాయి, అక్కడ టెంపోరల్ తగ్గించి, ఒక్క ఫ్రేమ్‌లోనే చూసి తీసే స్పేషియల్ కి వెళ్లాలి. 19వ వెర్షన్‌లో స్పేషియల్ కింద అల్ట్రా ఎన్‌ఆర్ అని ఇచ్చారు, వివరాలు చెరిగిపోకుండా తీసే విషయంలో పాతదానికంటే చాలా నయం. ఎక్కువ లాగితే మాత్రం మొహం మైనపు బొమ్మ అయిపోద్ది, పెళ్లికూతురు పర్లేదంటుంది గానీ పక్కన కూర్చున్న వాళ్ల నాన్నగారికి కూడా గడ్డం మాయమైతే బాగోదు కదా.

ఒక్కటే ఇబ్బంది, ఇది సిస్టమ్‌ని పీల్చేస్తుంది. ట్రెడిషనల్ వీడియో మూడు గంటలు మొత్తానికి వేసి ఎక్స్‌పోర్ట్ పెడితే తెల్లారిపోద్ది. అందుకే నేను ముహూర్తం చుట్టూ ఉన్న కాసేపటికి, టీజర్‌లో పడే షాట్లకి మాత్రమే వేస్తా, పని చేసేటప్పుడు ఆ నోడ్ ఆఫ్ చేసి పెట్టుకుని రెండరింగ్ ముందు ఆన్ చేస్తా. ఫ్రీ వెర్షన్‌లో ఈ బటన్ నొక్కితే కొనమని బాక్స్ వస్తుంది, అయినా వేస్తే బొమ్మ మీద వాటర్‌మార్క్ పడుతుంది.

కలర్ గురించి కొత్తగా నేను చెప్పేదేం లేదు, దీనికోసమే పుట్టిన సాఫ్ట్‌వేర్ కదా. నోడ్లు మొదట్లో వైర్లు కలుపుతున్నట్టు అయోమయంగా ఉంటాయి, లేయర్లకి అలవాటు పడ్డవాళ్లకి మరీను, కానీ ఒకసారి పట్టుబడితే వెనక్కి వెళ్లబుద్ధి కాదు. మన పెళ్లిళ్లలో పెద్ద సమస్య ఎల్‌ఈడీ వాల్ నీలం మొహం మీద పడటం. ఒకసారి ఒక తల్లిగారు వీడియో చూసి "బాబూ, పసుపు రాసి మంగళస్నానం చేయించాం, అమ్మాయి మొహం నీలంగా ఉందేంటి" అని అడిగారు, ఏం చెప్తాం. క్వాలిఫయర్‌తో చర్మం రంగు పట్టుకుని, దానికో విండో వేసి ట్రాక్ చేసి, రంగులు చూపించే వెక్టర్‌స్కోప్ గ్రాఫ్‌లో స్కిన్ టోన్ గీత ఆన్ చేసుకుని ఆ గీత దగ్గరికి తెస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఇది మొత్తం ఫ్రీ వెర్షన్‌లోనే ఉంది. మరీ గోలగా ఉన్న షాట్లకి స్టూడియోలో మ్యాజిక్ మాస్క్ ఉంది, మనిషి మీద ఒక గీత గీస్తే మనిషిని మొత్తం పట్టేస్తుంది, 20లో ఇంకా మెరుగైంది. పూలదండలు, వేలాడే మల్లెపూల జడ దగ్గర ఇప్పటికీ తడబడుతుంది కానీ విండో గీసి కూర్చోవడం కంటే నయం.

మల్టీక్యామ్ బ్రహ్మాండం. మూడు కెమెరాల క్లిప్పులు ఆడియో వేవ్‌ఫామ్ బట్టి కలపమంటే కలిపేస్తుంది, మనకి ఉన్న సౌకర్యం గట్టిమేళం, అది అన్ని కెమెరాల్లోనూ ఒకేసారి పైకి లేస్తుంది కాబట్టి ఎప్పుడైనా సింక్ తప్పినా చేత్తో సరిచేయడం తేలిక, వేవ్‌ఫామ్‌లో ఆ కొండ ఎక్కడుందో చూసి లాగేయడమే. ఇది కూడా ఫ్రీలోనే ఉంది. స్పీడ్ ఎడిటర్ అని చిన్న కీబోర్డు లాంటిది అమ్ముతున్నారు, గుండ్రటి చక్రం, కెమెరా బటన్లు ఉంటాయి, బాక్స్‌లో స్టూడియో కీ కూడా కలిపి వస్తుంది. చక్రం చేతికి చాలా బాగుంటుంది, గంటల ఫుటేజ్ తిప్పి చూడటానికి దాన్ని మించింది లేదు. కాకపోతే అది ఎక్కువగా కట్ పేజీ కోసం చేసింది, ఎడిట్ పేజీలో కొన్ని బటన్లు మూగగా ఉంటాయి. మనలో కట్ పేజీ వాడేవాళ్లు తక్కువ. మౌస్‌తో చెయ్యి నొప్పి పుట్టి ఉన్నవాళ్లు తీసుకోండి, మిగతావాళ్లకి లగ్జరీ. కొనేముందు బాక్స్‌లో కీ ఉందో లేదో మాత్రం అడగండి.

ఇప్పుడు ఏఐ. 20వ వెర్షన్ 2025లో వచ్చింది, వచ్చినప్పట్నుంచీ అందరూ దాని గురించే. స్క్రిప్ట్ ఇస్తే టైమ్‌లైన్ తనే కడుతుందట, మాటలు ఎగిరెగిరి పడే సబ్‌టైటిల్స్ తనే వేస్తుందట. నిజమే వేస్తుంది, ఇంగ్లిష్‌లో మాట్లాడితే. ఈ ఫీచర్లన్నిటికీ పునాది ట్రాన్‌స్క్రిప్షన్, అంటే మాటని అక్షరాల్లోకి మార్చడం, ఆ భాషల లిస్టులో తెలుగు లేదు. కొరియన్ ఉంది, డేనిష్ ఉంది, స్వీడిష్ ఉంది, ఎనిమిది కోట్ల మంది మాట్లాడే మన భాష లేదు. ప్రీమియర్ గొప్ప చేసిందనుకోకండి, అందులో హిందీ పెట్టారు గానీ తెలుగు విషయంలో అదీ అంతే. కాబట్టి తెలుగు ఇంటర్వ్యూలు కట్ చేసేవాళ్లు ఆ డెమోలు చూసి ఆశపడితే నిరాశే. సబ్‌టైటిల్స్ బయట ఎక్కడైనా చేయించుకుని ఎస్‌ఆర్‌టీ ఫైల్ తెచ్చి వేసుకోవాల్సిందే, అది మాత్రం ఫ్రీలోనూ తీసుకుంటుంది.

భాషతో పని లేని ఏఐ మాత్రం వాడుకోవచ్చు. వాయిస్ ఐసొలేషన్ స్టూడియోలోనే ఉంది, బస్టాండ్ బయట నిలబడి మైక్ పెట్టి జనాన్ని మాట్లాడించిన వీడియోకి అది వేస్తే ఆటో హారన్లు, జనరేటర్ మోత పోయి మనిషి మాట మిగులుతుంది. వందకి వంద పెట్టకండి, గొంతు బావిలోంచి వచ్చినట్టు అవుద్ది, సగం దగ్గర ఆపితే సహజంగా ఉంటుంది. యూట్యూబ్ పని చేసేవాళ్లకి ఇదొక్కటి చాలు అనిపించొచ్చు. 20లో పాడ్‌కాస్టులకి ఎవరు మాట్లాడుతుంటే ఆ కెమెరాకి తనే మారేది కూడా ఇచ్చారు, ఇద్దరు ముగ్గురు కూర్చుని మాట్లాడే వీడియోలకి మొదటి కట్ లా పనికొస్తుంది. పెళ్లికి ఎందుకూ పనికిరాదు, అక్కడ అందరూ ఒకేసారి మాట్లాడతారు.

తెలుగు టైటిల్స్ గురించి అడిగేవాళ్లు చాలామంది. నా సలహా ఒకటే, శుభలేఖలో పేర్లు, "చి.ల.సౌ." లాంటివి సాఫ్ట్‌వేర్ లోపల టైప్ చేసే పని పెట్టుకోవద్దు. మన దగ్గర సగం మంది ఇప్పటికీ అను ఫాంట్లే వాడతారు, అవి యూనికోడ్ కాదు, ఒక సిస్టమ్‌లో కొట్టింది ఇంకో సిస్టమ్‌లో పిచ్చి అక్షరాలు అయిపోద్ది. యూనికోడ్ ఫాంట్ అయినా వత్తులు, గుణింతాలు ఎక్కడ విడిపోతాయో ప్రతి అక్షరం చూసుకోవాలి, పెళ్లికొడుకు ఇంటిపేరులో వత్తు ఎగిరిపోతే ఆ మాట పదేళ్లు వినాలి. ఫొటోషాప్‌లో టైటిల్ చేసి పీఎస్‌డీగా సేవ్ చేసి తెచ్చుకోవడం మంచి పద్ధతి, 20వ వెర్షన్‌లో పీఎస్‌డీ లేయర్లు విడివిడిగా తీసుకునే సౌకర్యం ఇచ్చారు కాబట్టి పేరు ఒక లేయర్, వినాయకుడి బొమ్మ ఒక లేయర్, పూల అంచు ఒక లేయర్ పెట్టుకుని ఫ్యూజన్‌లో దేనికది కదిలించొచ్చు. ఇంత గొడవ పడ్డ ఏఐ కంటే ఈ చిన్న మార్పు నాకు ఎక్కువ ఉపయోగపడింది. ప్రీమియర్‌లో దక్షిణాసియా లిపుల కోసం టెక్స్ట్ ఇంజిన్ సెట్టింగ్ విడిగా ఉంది, ఆ విషయంలో వాళ్లకి ఒక మార్కు ఎక్కువ వేయాల్సిందే.

ఎడియస్ నుంచి వచ్చేవాళ్లకి రెండు మాటలు. మొదటి కొన్ని వారాలు ఏడుపు వస్తుంది. ఎడియస్‌లో మంచి గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా, రకరకాల ఫార్మాట్లు ఒకే టైమ్‌లైన్ మీద పడేసినా ఆడించేది, డావిన్చీకి అంత ఓర్పు లేదు, దానికి గ్రాఫిక్స్ కార్డే అన్నం. బజార్లో దొరికే రెడీమేడ్ ఎడియస్ ప్రాజెక్టులు, పాటల టెంప్లేట్లు ఇక్కడ తెరుచుకోవు. కీబోర్డు సెట్టింగ్స్‌లో ప్రీమియర్, ఫైనల్ కట్, ఆవిడ్ లాంటి కీలు రెడీగా ఉన్నాయి, ఎడియస్ వి మాత్రం మనమే పెట్టుకోవాలి, ఓ గంట కూర్చుని పెట్టుకుంటే పని అయిపోద్ది. ఇంకోటి, ప్రాజెక్ట్ మొదలుపెట్టగానే క్లిప్పులు లాగేయకుండా ముందు ఫ్రేమ్ రేట్ 25 పెట్టుకోండి. ఒక్కసారి మీడియా లోపలికి వచ్చిందంటే ప్రాజెక్ట్ ఫ్రేమ్ రేట్ లాక్ అయిపోద్ది. పెళ్లివాళ్లు వాట్సాప్‌లో పంపిన ఫోన్ క్లిప్ మొదట వేశారనుకోండి, అది 30 ఉంటుంది, ప్రాజెక్ట్ ఫ్రేమ్ రేట్ మార్చమంటావా అని అడుగుతుంది, చూసుకోకుండా మార్చు అని నొక్కితే మూడు కెమెరాల 25 ఫ్రేముల ఫుటేజ్ అంతా కుదుపులు.

అతి ముఖ్యమైనది, ప్రాజెక్టులు ఎక్కడ ఉంటాయో తెలుసుకోండి. ఎడియస్‌లో, ప్రీమియర్‌లో మనం పెట్టిన ఫోల్డర్‌లో ప్రాజెక్ట్ ఫైల్ కనిపిస్తుంది. ఇక్కడ మొత్తం డేటాబేస్‌లో ఉంటుంది, మామూలుగా సీ డ్రైవ్‌లోనే. సిస్టమ్ స్లో అయిందని విండోస్ ఫార్మాట్ కొట్టించేస్తారు, ఫుటేజ్ డీ డ్రైవ్‌లో భద్రంగా ఉంటుంది, చేసిన కటింగ్ మొత్తం గాల్లో కలిసిపోద్ది. ప్రతి పెళ్లి అయ్యాక డీఆర్‌పీ (రిజాల్వ్ ప్రాజెక్ట్ ఫైల్) గా ఎక్స్‌పోర్ట్ చేసి ఫుటేజ్ పక్కనే పెట్టుకోండి. కొత్త వెర్షన్ వేసేముందు ప్రాజెక్ట్ లైబ్రరీ బ్యాకప్ తీయండి, ఎందుకంటే కొత్త వెర్షన్‌లో తెరిచిన ప్రాజెక్ట్ మళ్లీ పాతదాంట్లో తెరుచుకోదు. సీజన్ మధ్యలో అప్‌డేట్ అస్సలు వద్దు, ఆషాఢంలో చేసుకోండి, అప్పుడు ఎలాగూ ఖాళీయే.

కొనే దగ్గర జాగ్రత్త. ఆన్‌లైన్‌లో రెండు వేలకి లైఫ్‌టైమ్ కీ అని అమ్ముతుంటారు, వాటి జోలికి పోకండి. ఒక కీ రెండు సిస్టమ్‌లలో యాక్టివేట్ అవుద్ది, ఆ అమ్మేవాడు అదే కీ ఇంకెంతమందికి ఇచ్చాడో, మూడోవాడు ఎక్కగానే మీది దిగిపోద్ది, అదీ సరిగ్గా డెలివరీ ముందు రోజు. నేను కొన్నప్పుడు ఒక డీలర్ బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా అన్నాడు, బాక్స్ చూస్తే సీల్ తీసి మళ్లీ అతికించినట్టుంది, వద్దని వచ్చేసి ఇంకో చోట జీఎస్టీ బిల్లుతో తీసుకున్నా. పెన్‌డ్రైవ్ లాంటి లైసెన్స్ డాంగిల్ కూడా దొరుకుతుంది, ఏ సిస్టమ్‌కి పెడితే అక్కడ పనిచేస్తుంది, ఔట్‌స్టేషన్ వెళ్లి అక్కడే టీజర్ కట్ చేసేవాళ్లకి బాగుంటుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. కానీ పోగొట్టుకుంటే పాతిక వేలు పోయినట్టే. ఇంట్లో ఒకటి, ఆఫీసులో ఒకటి ఉన్నవాళ్లకి కీ నే మేలు.

నేర్చుకోవడానికి మాత్రం ఎవరికీ వేలకి వేలు ఫీజులు కట్టకండి. బ్లాక్‌మ్యాజిక్ సైట్‌లోనే ట్రైనింగ్ పుస్తకాలు పీడీఎఫ్‌లు, ప్రాక్టీస్ చేసుకోవడానికి ఫుటేజ్‌తో సహా ఫ్రీగా ఇచ్చారు. ఇంగ్లిషే, కానీ బొమ్మలతో ఉంటుంది, కలర్ పుస్తకం ఒక్కటి కుదురుగా చేసినా మార్కెట్లో ఉన్న సగం మందికంటే ముందుంటారు. తెలుగులో యూట్యూబ్ పాఠాలు కూడా బాగానే దొరుకుతున్నాయి, వెర్షన్ నంబర్ చూసుకుని చూడండి.

రేటింగ్ అడిగితే ఫ్రీ వెర్షన్‌కి ఐదుకి ఐదు, ఫ్రీగా ఇంత ఇచ్చాక ఏం తగ్గిస్తాం. స్టూడియోకి నాలుగు. తగ్గించిన ఆ ఒక్కటీ తెలుగు ట్రాన్‌స్క్రిప్షన్ వచ్చిన రోజు కలుపుతా. మీ సిస్టమ్ కాన్ఫిగరేషన్, ఏ కెమెరానో రాస్తే ఫ్రీ సరిపోద్దో లేదో నాకు తెలిసినంతలో చెప్తా, ప్రాసెసర్ పేరు మాత్రం చివరి అక్షరంతో సహా రాయండి.